గుండూ బాణమూ

జింకల వేటలో తుపాకుల కాలం మొదలైందంటే సర్కారు అడవిలో విల్లు పట్టుకు కూర్చునేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఒకరినొకరు కాల్చుకోకుండా నారింజ రంగు కోట్లు వేసుకున్న జనం మట్టిరోడ్డు పొడుగునా బళ్ళు ఆపి, రోడ్డుకి కూతవేటులోనే చెట్టుకొకరు చొప్పున నిలబడతారు. వెర్నా వాళ్ళందరినీ దాటుకుని, గడ్డకట్టిన వాగు దాటి, చిత్తడి నేల అంచున ఒక దేవదారు మొదటికి వీపు ఆనించి కూర్చుంది. ఆమె ఒంటి మీదా నారింజ రంగు కోటే ఉంది. ఒళ్ళో ఉన్నది మాత్రం విల్లు.

ఇంత లోపలికి రావాలని నేర్పింది ఓన్ని అనే ముసలాయన. "జనం నడవడానికి బద్ధకించే చోటే జింక బతుకుద్దమ్మా. అడవి అందరిదీ. అందరిదీ కాబట్టే ఎవడూ లోపలికి పోడు," అన్నాడు వేసవిలో, వేటగాళ్ళు తెచ్చిన జింకల్ని కోసిచ్చే తన మాంసం షెడ్డు వెనక గడ్డిమోపుకి ఆమె చేత బాణాలు వేయిస్తూ. ఆ విల్లు కూడా ఆయన వాడి మూల పెట్టిందే. గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి చిటికెడు పౌడరు ఊదడం, గిట్టల గుర్తుల అంచులు చూసి ఏది నిన్నటిదో ఏది ఇందాకటిదో పోల్చడం, దగ్గొస్తే మోచేతి వంపులో అణిచేయడం, అన్నీ ఆయన చెప్పినవే. అయినా అక్టోబరు నెలంతా ఆమెకి కనబడ్డవి తోకలే. తెల్లతోక ఎత్తి గెంతేసే జింకని వెనకనుంచి చూడ్డంలో మాత్రం బాగా ఆరితేరింది.

తెలతెలవారుతోంది. వేళ్ళు మొద్దుబారుతుంటే ఒక్కొక్కటే ముడిచి విప్పుతోంది. ఎడమ పక్క గట్టు మీద తుపాకి పేలింది. బాగా దగ్గర. ఆ అదురుకి దేవదారు కొమ్మ మీది మంచు జారి ఆమె భుజాన పడింది.

కాసేపటికి పొదల్లో అలికిడి. జింక నడిచే చప్పుడు కాదది, ఎవరో మూట ఈడుస్తున్నట్టుంది. వచ్చింది చిన్న పోతుజింక. తల మీద కొమ్ములు రెండూ చీలికలు లేకుండా మేకుల్లా ఉన్నాయి. వెనక కుడికాలు తొడ దగ్గర విరిగి వేలాడుతోంది. మూడు కాళ్ళ మీద నిలబడి, నాలుక బయటపెట్టి, నేరుగా ఆమెనే చూసింది. మనిషిని చూసి పారిపోవాలన్న తెలివి కూడా పోయినట్టుంది దానికి.

విల్లు లాగే క్షణం వస్తే చేతులు వణుకుతాయని ఆమె ఇన్నాళ్ళూ భయపడింది. వణకలేదు. భుజం వెనక కండ బిగిసింది, తీగ చెంపకి తగిలింది, వేళ్ళు వదిలేశాయి. ముందుకాలి వెనక దిగిన బాణం అవతలి పక్కకి పోయింది. పోతు రెండంగలు వేసి, అలసి కూర్చున్నట్టు కూలబడింది.

వెర్నా మోకాళ్ళ మీద వంగి దాని మెడ మీద అరచెయ్యి ఆనించింది. ఇంకా వెచ్చగా ఉంది. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో ఆమెకే తెలియలేదు.

"ఎవరది?" అంటూ గట్టు దిగి వచ్చాడు క్లింట్. ఓన్ని కొడుకు. ముప్పై దాటలేదు. భుజాన తుపాకి, మీసాల మీద మంచు. "ఓహో, వెర్నావా! కొట్టేశావే!"

"నీ గుండే ముందు తగిలింది. తొడ చూడు."

క్లింట్ బూటు కొనతో జింక తలని ఇటు తిప్పాడు. మేకుల్లాంటి కొమ్ములు చూడగానే నవ్వు పోయింది. "అరె, పెద్దదనుకున్నానే. వెలుతురు చాల్లేదు..." అని నోరు జారి, ఠక్కున ఆగిపోయాడు. జింకకొకటి చొప్పున ఇచ్చే పర్మిటు చీటీల్లో మొదటిది అతను తొలిరోజే వాడేశాడని, రెండో చీటీ మీద చీలికల కొమ్ములున్న పోతునే కొట్టాలని వెర్నాకి తెలుసు. ఆ తొలిరోజు జింక తోలు ఒలిచింది ఆమే.

"చంపింది నీ బాణమేగా. నీ చీటీ కట్టుకో," అన్నాడు.

"మరి నీ గుండు?"

"ఏ గుండు? అడవినిండా తుపాకులే. ఎవడిదో ఎవడికి తెలుసు?" మళ్ళీ నవ్వు తెచ్చుకున్నాడు. "నేనిటు రాలేదు. నువ్వు నన్ను చూళ్ళేదు. ముసలాయనకెందుకు చెప్పు తలనొప్పి?"

తండ్రి పేరెత్తేసరికి వెర్నా చీటీ కోసం జేబు తడుముకుంది. అతను వెళ్ళాక చీటీ తీసి కొమ్ముకి కట్టింది. పొట్ట చీల్చి పేగులు లాగడం ఆమెకి కొత్త కాదు. ఓన్ని షెడ్డులో జీతానికి రోజూ చేసే పనే. కాని అవన్నీ ఎవరి జింకలో. ఇది తనది. కార్జం తీసి సంచిలో వేసుకుంటూ, దాన్ని ఉల్లిపాయల్తో వేయించి అక్కకి పెట్టాలనుకుంది. కొమ్ములకి తాడు కట్టి, అది భుజాలు కోస్తున్నా ఆగకుండా ఈడ్చుకుంటూ బయల్దేరింది.

ఆమె రోడ్డెక్కేసరికి తన పాత కారు వెనక ఆకుపచ్చ ట్రక్కు ఒకటి ఆగి ఉంది. వేట చట్టాలు చూసే ఆఫీసరు బూషార్ దానికి ఆనుకుని ఫ్లాస్కు మూతలో కాఫీ తాగుతున్నాడు.

"తొలి జింక కదా? మీ మొహమే చెబుతోంది," అన్నాడు. "ఈ వారంలో విల్లుతో కొట్టడం మాటలు కాదమ్మా. మీకెవరో బాగా నేర్పారు."

వంగి బాణం దిగిన చోటు చూశాడు. తర్వాత జింకని పక్కకి దొర్లించి, తొడ గాయంలో బొటనవేలు పెట్టి ఎముక పెచ్చు ఒకటి బయటికి లాగాడు. "ఇది బాణం చేసిన పని కాదే."

"దెబ్బతినే వచ్చింది సార్. చూళ్ళేక కొట్టేశా."

"ఎవరు కాల్చారు?"

వెర్నా చేతి తొడుగు ఊడదీసి మళ్ళీ తొడుక్కుంది. ఊళ్ళో ఒక్కరూ పనివ్వని రోజుల్లో ఆమెని షెడ్డులోకి పిలిచి, చేతికి కత్తి ఇచ్చి, ఆమెకి వీపు తిప్పి తన పని తను చేసుకున్న మనిషి ఓన్ని.

"తెలీదు. ఎవర్నీ చూళ్ళేదు."

బూషార్ ఆమె లైసెన్సు తీసుకుని ట్రక్కులో కూర్చుని రేడియోలో మాట్లాడాడు. దిగి వచ్చేసరికి మొహం మారిపోయింది. మాటా మారింది.

"నీ మీద తుపాకి కేసుందా?"

"దోపిడీ కేసు సార్. మా ఆయన తుపాకి పట్టుకుని కొట్టు లోపలికెళ్ళాడు, నేను కారులో కూర్చున్నా. జైలు అయిపోయింది."

"జైలు అయిపోద్ది. తుపాకి ముట్టకూడదన్నది అయిపోదు. ముడితే మళ్ళీ అయిదేళ్ళు. తెలుసా?"

"తెలుసు. అందుకేగా విల్లు."

"తుపాకి ఎక్కడ దాచావ్?"

కారు డిక్కీ, సీట్ల కింద, ఆమె సంచి, చివరికి కార్జం ఉన్న మూట కూడా విప్పి చూశాడు. ఏమీ దొరకలేదు. జింకని ట్రక్కులోకి ఎక్కించి, విల్లు కూడా తీసుకున్నాడు. "గుండు ఎముకలోనే ఉన్నట్టుంది, తీయిస్తా. ఊరు విడిచి పోకు," అని వెళ్ళిపోయాడు. తాడు మాత్రం రోడ్డు మీద మిగిలింది. వెర్నా దాన్ని చుట్టలు చుట్టి కారులో పెట్టుకుంది.

*

షెడ్డులో కొక్కేలన్నిటికీ జింకలు వేలాడుతున్నాయి. ఓన్ని ఒక వెన్ను మీదనుంచి పొడుగాటి కండ వేరు చేస్తున్నాడు. వెర్నా జరిగిందంతా చెబుతుంటే ఆయన కత్తి ఒక్కసారీ ఆగలేదు.

"క్లింట్ చెప్పాడు," అన్నాడు చివరికి. "వాడికి మూడేళ్ళు వేట బంద్ అవుద్ది. అది పోనీ. వేటగాళ్ళ మాంసం కోసేవాడి కొడుకే దొంగవేటగాడంటే రేపెవడు తెస్తాడమ్మా మన దగ్గరికి? నీ పనీ పోద్ది, నా షెడ్డూ పోద్ది."

"నన్ను అనుమానిస్తున్నాడు పెద్దాయనా."

"అనుమానమేగా. బూషార్ మంచోడు. తుపాకి లేంది కేసేం పెడతాడు? రెండ్రోజులు నోరు మూసుకో. మర్చిపోతాడు. నేను చూసుకుంటాగా."

"సరే," అంది వెర్నా. ఏప్రాన్ కట్టుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళింది.

ఇంటి దగ్గర ఐలాకి చెబితే, పొయ్యి మీద చారు గిన్నె కలుపుతున్న గరిటె అలాగే పట్టుకుని వెనక్కి తిరిగింది. ఐలా ఆమెకి అక్క. వెర్నా జైలునుంచి వచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లోనే ఉంటోంది.

"వాడికి పోయేది లైసెన్సు. నీకు పోయేది అయిదేళ్ళు. ఏ తక్కెట్లో తూచావే నువ్వు?"

"ఓన్ని చూసుకుంటానన్నాడక్కా."

"ఎవర్ని చూసుకుంటానన్నాడు? నిన్నా, వాణ్ణా?"

వెర్నా పళ్ళేలు సర్దింది.

మర్నాడు బూషార్ షెడ్డుకొచ్చాడు. గుండు దొరికిందని చెప్పాడు. దాన్ని పరీక్షకి పంపిస్తే జవాబు రావడానికి నెలలు పడుతుందట. అందరికీ వినబడేట్టు మాట్లాడుతూనే గోడల వైపు చూశాడు.

"ఓన్నీ, ఇక్కడ తుపాకులున్నాయా?"

"ఆఫీసు గదిలో నావి రెండున్నాయి."

"తాళం వేస్తావా?"

వెర్నా చేతిలో కత్తి ఎముక దగ్గర ఆగింది. ఓన్ని తన కత్తిని ఏప్రాన్‌కి ఒకవైపు తుడిచాడు, తిప్పి రెండోవైపు తుడిచాడు.

"వెయ్యను. నా దగ్గర చేసేవాళ్ళని నేను నమ్ముతాను."

"ఆ పొద్దున్న ఈమె ఇటొచ్చిందా, అడవికి పోయేముందు?"

"నేనింకా లేవలేదు మరి. షెడ్డు తాళంచెవి ఒకటి ఆమె దగ్గరే ఉంటది."

ఒక్కటీ అబద్ధం కాదు. ఆ నిజాలన్నీ వరసగా పేరుస్తూ పోతే ఎక్కడికి చేరతాయో వెర్నాకి కనబడింది. ఇన్నాళ్ళూ ఏ నమ్మకాన్ని తలుచుకుని ఆ ఊళ్ళో తలెత్తుకు తిరిగిందో, అదే తెచ్చి ఆమె మెడకి కడుతున్నాడు. అదీ గొంతు పెంచకుండా, మొహం తిప్పుకోకుండా. ఆమె కత్తి బల్ల మీద పెట్టేసింది.

"కాల్చింది క్లింట్," అంది. "గట్టు మీదనుంచి దిగొచ్చాడు. నాతో మాట్లాడాడు కూడా."

తలుపు దగ్గర డబ్బాలు మోస్తున్న క్లింట్ నిలబడిపోయాడు. "నేనా? ఆ పొద్దున్న నేను చెరువవతల ఉన్నా. నాన్నని అడగండి."

అందరూ ఓన్ని వైపు చూశారు. ఆయన కోసిన కండని కాగితం మీద పెట్టి, అంచులు మడిచి, టేపు అతికించాడు.

"అవును," అన్నాడు. "చెరువవతలే."

బూషార్ వెర్నా వైపు తిరిగాడు. "నిన్న ఎవర్నీ చూళ్ళేదన్నావ్. ఇవాళ చూశానంటున్నావ్. ఏది రాసుకోమంటావ్?"

"మీరే వచ్చి చూడండి. నెత్తురు జాడ మంచులో అలాగే ఉంటది."

"ఈ వారం జిల్లా మొత్తానికీ నేనొక్కణ్ణి. సోమవారం నీ కాగితాలు ప్రాసిక్యూటరుకి పోతాయి. చెప్పుకునేది అక్కడ చెప్పుకో."

*

మర్నాడు తెల్లారగానే అక్కాచెల్లెళ్ళిద్దరూ అడవికి వెళ్ళారు. ఐలా ఎన్నడూ వేటకి వచ్చిన మనిషి కాదు. వాగు దాటేటప్పుడు రెండుసార్లు జారి, రెండుసార్లూ క్లింట్‌ని తిట్టింది.

పేగులు పోసిన చోట కాకులు లేచాయి. అక్కణ్ణుంచి వెర్నా జింక వచ్చిన దారిలో వెనక్కి నడిచింది. చుక్కలు చుక్కలుగా నెత్తురు. విరిగిన కాలు ఈడ్చిన గీత. ఒకచోట అది పడుకుని లేచినట్టుగా ఎర్రటి గుంట. గట్టు కిందికి వచ్చేసరికి గీత ఆగిపోయి, మంచు మీద బూడిదరంగు వెంట్రుకలూ ఎముక పొడీ చెదిరి ఉన్నాయి. గుండు తగిలిన చోటు ఇదే. వెర్నా అక్కడ నిలబడి, తనే జింక అయితే దెబ్బ ఎటునుంచి వచ్చేదో ఆలోచిస్తూ పైకి చూసింది. గట్టు మీద విరిగిన మొద్దు ఒకటి ఉంది.

మొద్దు చుట్టూ మంచు తొక్కి ఉంది. పక్కనే మంచులో వేలు పట్టేంత బెజ్జం, దాని అడుగున ఇత్తడి మెరుపు. తుపాకిలో రెండో గుండు ఎక్కించుకున్నప్పుడు ఎగిరిపడ్డ ఖాళీ తూటా. ఏ తుపాకిలో పేలిందో దాని మీది గుర్తులే చెబుతాయి.

"దొరికిందే!" అని ఐలా వంగబోయింది.

"ముట్టకక్కా!" వెర్నా ఆమె చెయ్యి పట్టి లాగేసింది. "నువ్వు తీసినా నేను తీసినా మనమే తెచ్చి పెట్టామంటారు. నా చేతిలో కనబడితే అదో కేసు. ఉన్నచోటే ఉండాలి. నువ్వెళ్ళి రోడ్డు మీది కొట్టునుంచి బూషార్‌కి ఫోను చెయ్యి. బతిమాలుతావో, తిడతావో, తీసుకురా."

"నువ్వు?"

"కాపలా కూర్చుంటా."

ఐలా వెళ్ళింది. ఆమె వాగు దాటిందో లేదో మంచు మొదలైంది. మెత్తగా, గాలి లేకుండా, దట్టంగా పడుతోంది. వెర్నా తల మీది టోపీ తీసి బెజ్జం మీద కప్పింది. చూస్తుండగానే నెత్తురు చుక్కలు మాసిపోయాయి. ఈడ్చిన గీత మాసిపోయింది. తామిద్దరూ వచ్చిన అడుగులు కూడా పూడిపోయాయి. జుట్టు మీద పడ్డ మంచు కరిగి మెడ వెనకనుంచి వీపులోకి కారుతోంది. ఆమె టోపీ మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

మంచు పలచబడి, ఆగిపోయింది. గట్టుకి అవతలి పక్కనుంచి కొమ్మ విరిగిన చప్పుడైంది. అటు ఇంకో రోడ్డుంది. వచ్చేది ఐలా కాదు. ఓన్ని. అలవాటు తప్పిన నడకతో రొప్పుతూ, నేరుగా మొద్దు దగ్గరికి వచ్చి, ఆమెని చూసి ఆగాడు.

ఆమె జుట్టునుంచి నీళ్ళు కారుతున్నాయి.

"తడిసిపోయావు," అన్నాడు ఓన్ని.

"నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు పెద్దాయనా."

"వాడు నాకొక్కడే కొడుకు."

"వాడికి జరిమానా. నాకు అయిదేళ్ళు. నీకు లెక్క తెలీదా?"

ఓన్ని మొద్దు మీద చెయ్యి వేసి ఊపిరి కూడదీసుకున్నాడు. చిన్నపిల్లకి నచ్చజెప్పే గొంతుతో అన్నాడు: "నీకది తెలిసిన చోటే కదమ్మా. ఎలా నెట్టుకురావాలో నీకు తెలుసు. నువ్వొచ్చేదాకా నీ పని నేనెవరికీ ఇవ్వను. మాటిస్తున్నా."

దగా చెయ్యడానికి అన్నా బాగుండేది. ఆయన నిజంగానే మాటిస్తున్నాడు. వెర్నా టోపీ దగ్గరనుంచి పక్కకి జరిగింది.

"తీసుకో," అంది. "నేను ముట్టకూడదు, నువ్వు ముట్టొచ్చు. నేను అడ్డం రాను."

ఓన్ని చేతి తొడుగు తీశాడు. టోపీ ఎత్తి, రెండు వేళ్ళతో తూటా తీసి, కోటు జేబులో వేసుకున్నాడు. టోపీ మీది మంచు దులిపి ఆమెకి అందించాడు. "పెట్టుకో. జలుబు చేస్తది."

ఆమె టోపీ అందుకుంది. "ఏ దారిన పోతావు?"

"వచ్చిన దారినే."

"అయితే ఒకసారి వెనక్కి చూడు."

ఆయన చూశాడు. తెల్లగా, మచ్చ లేకుండా పరుచుకున్న మంచులో ఒకే ఒక్క అడుగుల వరస ఉంది. క్లింట్ ఎప్పుడూ బండి ఆపే రోడ్డు పక్కనుంచి మొద్దు దాకా, ఎక్కడా వంకర లేదు, ఎక్కడా ఆగింది లేదు.

"దేన్నైనా వెతుక్కుంటూ వచ్చేవాడు ఇలా నడవడు," అంది వెర్నా. "చోటు తెలిసినవాడే నడుస్తాడు. చోటు నీకెవరు చెప్పారని బూషార్ అడుగుతాడు."

ఓన్ని ఆకాశం వైపు చూశాడు. మబ్బు విడిపోతోంది. ఇంక మంచు పడేట్టు లేదు. వాగు దిక్కునుంచి ఐలా గొంతు వినబడింది, ఎవరినో తొందరపెడుతూ. ఆయన పోవచ్చు. పోలేదు. మెల్లిగా మొద్దు మీద కూర్చుని, తొడుగు లేని చేతిని మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

బూషార్ గట్టెక్కి వచ్చి, ముందు మనుషుల్ని కాక మంచుని చూశాడు. ఓన్ని వచ్చిన అడుగుల వరస వెంట రోడ్డు వైపు కొంతదూరం కళ్ళు పోనిచ్చాడు. తర్వాత ఖాళీ బెజ్జాన్ని చూశాడు.

"నీ జేబులో ఏముంది ఓన్నీ?"

ముసలాయన తీసి ఇచ్చాడు. "మావాడిది," అన్నాడు. వెర్నా వైపు చూడలేదు.

*

క్లింట్‌కి జరిమానా పడింది, మూడేళ్ళు లైసెన్సు పోయింది. వెర్నా కాగితాలు ప్రాసిక్యూటరు దాకా పోలేదు. ఇద్దరు ఆడాళ్ళు కలిసి మా ముసలాణ్ణి ఏడిపించారని బారులో చెప్పుకు తిరిగాడు. నమ్మేవాళ్ళే ఎక్కువ. ఓన్ని ఆమె ఏప్రాన్‌ని ఉతికించి, చక్కగా మడతపెట్టించి, ఐలా ఇంటి గుమ్మం ముందు పెట్టించాడు. కబురేమీ లేదు. షెడ్డుకి జనం ఎప్పటిలాగే జింకలు తెచ్చారు. వెర్నాని పనిలోకి పిలిచినవాళ్ళు మాత్రం లేరు. పక్క ఊరి షెడ్డువాడు ఆమె పేరు వినగానే, "ఈ ఏడాదికి మనుషులు సరిపోయారమ్మా" అన్నాడు, ఆమె వెనక ఖాళీ లేకుండా కొక్కేలకి వేలాడుతున్న జింకల్ని చూస్తూనే.

తుపాకుల కాలం ముగిశాక బూషార్ విల్లు ఇవ్వడానికి వచ్చాడు. ఇంట్లోకి రమ్మంటే రానన్నాడు. జింక తిరిగి రాదని, మొదటి దెబ్బ దొంగవేటది కాబట్టి మాంసం చర్చివాళ్ళు పేదలకి వండిపెట్టే వంటశాలకి పోయిందని చెప్పాడు. మెట్లు దిగబోయి ఆగాడు.

"తొలిరోజే ఆ పేరు చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు," అన్నాడు.

"చెప్పుంటే నమ్మేవారా సార్?"

బూషార్ టోపీ తీసి, లోపలి అంచుని వేలితో రుద్దాడు.

"లేదు," అన్నాడు.

వెర్నా తల ఊపింది. ట్రక్కు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే ఉంది. తర్వాత లోపలికి పోయి, విల్లుని బల్ల మీద పెట్టి, ఎక్కడైనా పోగు తెగిందేమోనని తీగ పొడుగునా వేలితో తడిమి చూడసాగింది.